మేరీ టీచరుగారి ఆరో ట్రాక్టరు

అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకు వెళ్ళే దారిలో నిలబడి మేరీ టీచరుగారిల్లు ఎక్కడని అడిగితే, రిక్షావాడు బేరం కూడా ఆడకుండా తీసుకెళ్ళి దింపేవాడు. అసలు పేరు ఆరోగ్యమేరి. టీచరన్నారు కదాని ఏ హైస్కూల్లోనో కుర్చీ వేసుక్కూర్చున్న మనిషి అనుకునేరు. ఆవిడ ఏ బళ్ళోనూ పని చేయలేదు. మాకవరపాలెం చర్చిలో ఉపదేశిగా ఉన్న తండ్రి పోవడంతో డిగ్రీ మధ్యలోనే చదువాగిపోయింది. పెళ్ళయి అనకాపల్లి వచ్చాక, వరండా గోడకి నల్లరంగు పూయించి, దాని ముందు చాపలు పరిచి, తొమ్మిదీ పదీ చదివే పిల్లలకి లెక్కల ప్రయివేటు మొదలుపెట్టింది. ఏళ్ళు గడిచేసరికి పేరు వెనక టీచరు దానంతటదే వచ్చి చేరింది.

ఆవిడ పేరు మోగిపోయింది మాత్రం ఒక్క లెక్క దగ్గర. రెండు సమీకరణాల లెక్క. ఎక్స్ ఎంతో తెలీదు, వై ఎంతో తెలీదు, రెండింటినీ కలిపి చెప్పే మాటలు మాత్రం రెండుంటాయి. మొదటి దాన్ని హెచ్చవేసి రెండోదాన్ని అందులోంచి తీసేస్తే ఎక్స్ పోయి వై మిగులుతుంది. ఆ వైని తీసుకొచ్చి మొదటి దాన్లో పెడితే పోయిన ఎక్స్ కూడా బయటపడుతుంది. పుస్తకంలో దీనికి తొలగించే పద్ధతి అని పేరు. మేరీ టీచరు నోట్లో పడితే అదొక భాగోతం. "ఏట్రా, పోవలసిన ఎక్స్ పోకుండా అక్కడే గుమ్మంలో నిల్చుందేటి? గెంటు దాన్ని!" అని అరిచేది. పిల్లలు గెంటేవారు.

లెక్కలు కూడా పుస్తకంలోవి కాదు. అన్నీ సొంతంగా కట్టినవే. చెరకు మోపులు, బెల్లం దిమ్మలు, మేకలు, కోళ్ళు. ముందు జవాబు అనుకునేది, ఆ తర్వాత దాని చుట్టూ లెక్క అల్లేది, అన్నిటికన్నా చివర మొత్తం వేసేది. అందుకే ఆవిడ లెక్కల్లో జవాబు ఎప్పుడూ చక్కగా తెగేది. భిన్నాలూ పేచీలూ ఉండేవి కావు. పిల్లలకి ఒకటే మాట నూరిపోసేది. "లెక్కన్నాక జవాబు వచ్చి తీరాల. రాలేదంటే తప్పు లెక్కలో లేదు, నీ బుర్రలో ఉంది." ఒక్క అంకె తప్పితే చాలు, "ఆగాగు, తుడిచెయ్, తుడిచెయ్" అని చేతిలోంచి సుద్దముక్క లాగేసుకునేది. అలా లాక్కోవడం వల్లే పిల్లలకి చురుకు వచ్చిందని ఆవిడ నమ్మకం.

భర్త వరదానం బెల్లం కొట్లో కాటా దగ్గర పనిచేసేవాడు. నెమ్మదస్తుడు. ఒక్కతే కూతురు షైనీ, తొమ్మిదో తరగతి. తను చదవలేకపోయిన బీఈడీ ఈ పిల్లే చదవాలని, తను ఎక్కలేకపోయిన బడి మెట్లు ఈ పిల్లే ఎక్కాలని మేరీ టీచరు ఆశ. చాప మీద ముందు వరసలో, సరిగ్గా తన కళ్ళెదురుగా కూర్చోబెట్టుకునేది. ఇరుగూ పొరుగూ "టీచరుగారి పోలికే" అంటే ఆ పూట కూరలో ఉప్పు తక్కువైనా ఎవర్నీ ఏమీ అనేది కాదు.

ఇలా నడుస్తున్న సంసారంలోకి సుజి వచ్చింది.

సుజి అంటే వరదానం తమ్ముడు స్టీవెన్ పెళ్ళాం, మేరీ టీచరుకి తోడికోడలు. స్టీవెన్‌ది బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రీఛార్జి కొట్టు. పెళ్ళయ్యాక మేడ మీద కొత్తగా వేసిన రెండు గదుల్లో కాపురం పెట్టారు. సుజిది విశాఖపట్నం. బీఎస్సీ లెక్కలు, ఆ పైన బీఈడీ. వచ్చిన నెలలోనే ఊళ్ళో ఒక ప్రయివేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరిపోయింది. నవ్వు ముఖం, నెమ్మదైన మాట. "అక్కా, అక్కా" అని నోటినిండా పిలిచేది. పోనీ పొగరుబోతయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఓ దారుండేది. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మహాతల్లి.

మొదట పైకెళ్ళింది ఒక పిల్ల, ఏదో సందేహం అడగడానికి. ఆ వారం ఇంకో ఇద్దరు. వాళ్ళు కిందికి వచ్చి చెప్పిన సంగతి ఏమిటంటే, సుజి టీచరు ఎక్స్‌నీ వైనీ గెంటదట. గళ్ళ కాగితం మీద ఒక్కో సమీకరణానికి ఒక్కో గీత గీయిస్తుందట. రెండు గీతలూ ఎక్కడ కలుసుకుంటే అక్కడే జవాబట. "మూడు, నాలుగు దగ్గర కలిసేయి టీచర్! కళ్ళకి కనపడ్డాయి!" అని ఓ పిల్ల చప్పట్లు కొట్టి మరీ చెప్పింది. మేరీ టీచరు "సరే, కూర్చో" అంది. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది.

అసూయే. ఇంకో పేరెందుకు? ఆవిడ కూడా దానికి వేరే పేరు పెట్టుకోలేదు. మెట్ల కింద చెప్పులు పెరిగే కొద్దీ కడుపులో మంట పెరిగేది. సుజి స్కూలుకి వెళ్ళేటప్పుడు ఇస్త్రీ చీర చూసి మండేది, భుజానికి తగిలించుకున్న బ్యాగు చూసి మండేది, ఎదురింటావిడ "మీ తోడికోడలు బీఈడీ అటకదా" అన్నప్పుడయితే చెప్పనే అక్కర్లేదు.

ఓ సాయంత్రం వరదానం దగ్గర కక్కేసింది. "నా వరండా ఖాళీ అయిపోతంది, మీకు పట్టిందా?"

"ఏటి మేరీ, ఇద్దరూ మనోళ్ళే కదా. పైన చెప్పినా, కింద చెప్పినా పిల్లలికి లెక్కలొత్తే చాలు కదా."

"మీకేటి తెలుసు? వెళ్ళి దిమ్మలు తూసుకోండి!"

వరదానం నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకి ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

పరాయి పిల్లలు పోతే పోనీ. కుండ బద్దలైనట్టయింది షైనీ స్కూలు సంచిలో గళ్ళ కాగితం కనపడ్డ రోజున. దాని మీద రెండు గీతలు, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. మేరీ టీచరు ఆ కాగితం పట్టుకుని నడవాలోనే నిలబడిపోయింది.

"ఇదేటే?"

షైనీ తల దించుకుంది. "పిన్ని దగ్గర నేర్చుకున్నానమ్మా."

"ఎప్పట్నించి?"

"సెలవుల కాడ్నించి."

"మీ అమ్మ చెప్పేది సరిపోలేదా నీకు? ఊళ్ళో పిల్లలందరికీ సరిపోయింది, నీకు సరిపోలేదా?"

"అలాక్కాదమ్మా. పిన్ని గీసి చూపిత్తాది..."

"గీసి! ముగ్గులేసుకోడానికి కన్నానేటే నిన్ను?"

షైనీ ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. కాగితం మడత పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏడ్చినా బాగుండేదని మేరీ టీచరుకి అనిపించింది. ఆ మౌనం కూడా పైనుంచి నేర్చుకొచ్చిందే అనుకుంది.

వద్దని చెప్పలేదు. చెబితే తన చేతగానితనం ఒప్పుకున్నట్టవుతుంది. షైనీ వెళుతూనే ఉంది. మేరీ టీచరు ఆరేసిన బట్టలు తీసే వంకతో మెట్ల కింద నిలబడేది. ఓసారి పైనుంచి సుజి మాట వినపడింది. "తప్పయితే ఏమైంది? ఉండనీ, దాని పక్కనే ఇంకోటి గీయి." దానికి షైనీ పకపకా నవ్వింది. ఎంత నవ్వు! తన వరండాలో ఈ పిల్ల ఏనాడైనా అలా నవ్విందా? మేరీ టీచరు ఎంత వెతుక్కున్నా ఒక్క రోజు కూడా గుర్తు రాలేదు. చేతిలో ఉన్న తువ్వాలుని నీళ్ళు లేకుండానే పిండేసింది. నా కడుపున పుట్టి, నా అన్నం తిని, నవ్వడానికి పైకెళ్తుందా? ఈ మాటే ఆవిడ్ని రాత్రింబవళ్ళు తినేసింది. ప్రయివేటు పోతే పోనీ, కూతురు పోకూడదు. ఎలాగైనా దాన్ని తన చాప మీదికి తెచ్చుకోవాలి.

ఆ సమయంలో విచారణ పండగ, అంటే వాళ్ళ చర్చి పండగ, వచ్చింది. ప్రతి ఏడూ దానికి ముందు పిల్లలకి పాటల పోటీ, జ్ఞానోపదేశం పోటీ, లెక్కల పోటీ పెట్టేవారు. లెక్కల పోటీకి ప్రశ్న ఇచ్చేదీ, దిద్దేదీ, బహుమతి ప్రకటించేదీ మొదట్నించీ మేరీ టీచరే. చర్చికి రాని ప్రయివేటు పిల్లల్ని కూడా ఫాదర్‌గారు కూర్చోనిచ్చేవారు. ఒకే ఒక్క పెద్ద లెక్క. ఏ పద్ధతిలో చేసినా ఒప్పే.

ఏ పద్ధతిలోనైనా! ఆ మాట దగ్గరే మేరీ టీచరుకి ఆలోచన తట్టింది. మూడూ నాలుగూ దగ్గర కలిసే గీతలు గళ్ళ కాగితం మీద పడతాయి. నలభై ఎనిమిదీ, నూట ముప్ఫై అయిదూ దగ్గర కలిసే గీతలు ఎక్కడ పడతాయి? కాగితం దాటి బల్ల మీదా, బల్ల దాటి నేల మీదా గియ్యాలి. అందరి ముందూ గీతలు బోర్లా పడతాయి. గెంటే పద్ధతి గెలుస్తుంది. అప్పుడు షైనీ ముఖం చిన్నబుచ్చుకుని అమ్మ పక్కకి వచ్చి కూర్చుంటుంది. ఇదీ పథకం. కూతురి ముఖం చిన్నబుచ్చాలని పథకం వేసే తల్లి ఉంటుందా అంటే, ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఉంది.

కూర్చుని లెక్క కట్టింది. ఎడ్లబండికి ఎక్స్ మోపుల చెరకు పడుతుంది, ట్రాక్టరుకి వై మోపులు. బండి నలభై ఎనిమిది, ట్రాక్టరు నూట ముప్ఫై అయిదు. చీడికాడ రైతు మొదటి రోజు రెండు బళ్ళు, మూడు ట్రాక్టర్లు తోలాడు, మొత్తం ఐదు వందల ఒక్క మోపు. రెండో రోజు నాలుగు బళ్ళు, ఐదు ట్రాక్టర్లు తోలాడు, మొత్తం ఎనిమిది వందల అరవై ఏడు. బండికెన్ని, ట్రాక్టరుకెన్ని? బ్రహ్మాండంగా ఉంది. కాగితం మడవబోతుండగా పైనుంచి మళ్ళీ ఆ నవ్వు. తల్లీకూతుళ్ళు నవ్వుకున్నట్టు ఇద్దరి నవ్వూ కలిసిపోయి వినపడింది. మేరీ టీచరు పళ్ళు కొరికింది. ఇంకా కష్టం చెయ్యాలి, ఇంకా పెద్ద అంకె పెట్టాలి అనుకుంటూ రెండో రోజు ఐదు ట్రాక్టర్లని కొట్టేసి ఆరు చేసింది. చేసి, కాగితం ఫాదర్‌గారికి పంపించేసింది. ట్రాక్టరు పెరిగితే మోపులు కూడా పెరగాలి కదా. ఆ మొత్తం మార్చలేదు. ఎప్పుడూ మొత్తం చివర వేసే మనిషి, ఈసారి మొత్తం వేశాక అంకె మార్చింది. సరిచూసుకోనూ లేదు. సరిచూసుకునే మనసు ఆ రోజు కింద లేదు, మేడ మీద ఉంది.

పోటీ ఆదివారం పూజ అయ్యాక, చర్చి పక్క హాల్లో. గంట సేపట్లో కాగితాలన్నీ మేరీ టీచరు చేతికి వచ్చాయి. ముందు తన ప్రయివేటు పిల్లలవి తీసింది. అన్నిటికన్నా పైన కొండకర్ల నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చే అయ్యప్పది. వై నూట ముప్ఫై అయిదు, ఎక్స్ నలభై ఎనిమిది. అక్కడక్కడ రబ్బరుతో చెరిపిన మరకలున్నాయి గానీ జవాబు ముత్యంలా ఉంది. తర్వాతి కాగితమూ అంతే. ఆ తర్వాతిదీ అంతే. మేరీ టీచరు ఛాతీ పొంగిపోయింది. ఇన్నాళ్ళ తర్వాత కడుపు చల్లబడింది.

షైనీ కాగితం ఆఖర్న తీసింది, కావాలనే. గీతలు కాగితం దాటలేదు. మూల మీద చిన్న అక్షరాలతో "ఒక సెంటీమీటరుకి ఇరవై మోపులు" అని రాసుంది. అలా కూడా చెయ్యొచ్చా అని మేరీ టీచరు ఓ క్షణం గతుక్కుమంది. గీతలు రెండూ పక్కపక్కనే, రైలు పట్టాల్లా, ఈ కొస నుంచి ఆ కొస దాకా పోతున్నాయి. కింద షైనీ రాసింది: "ఈ గీతలు కలవవు. ఈ లెక్కకి జవాబు లేదు."

జవాబు లేదా! అందరికీ వచ్చింది, నీకు లేదా? మేరీ టీచరు ఎర్ర పెన్నుతో పెద్ద సున్నా చుట్టింది. ఆ సున్నా చుడుతున్నంతసేపూ ఆవిడకి ఒక ఆనందం కలిగింది. అది మంచి ఆనందం కాదని ఆవిడకీ తెలుసు.

సాయంత్రం బహుమతుల దగ్గర హాలు నిండిపోయింది. వరదానం వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. స్టీవెన్, సుజి మూడో వరసలో కూర్చున్నారు. మేరీ టీచరు మైకు పట్టుకుని జవాబు చదివి వినిపించి, అయ్యప్పకి మొదటి బహుమతి ప్రకటించింది. అక్కడితో ఆగిపోతే కథ ఉండేదే కాదు. ఆగలేదు. "కొంతమంది పిల్లలున్నారు," అంది, కళ్ళు తిప్పకుండా మూడో వరసనే చూస్తూ. "బొమ్మలు గీసి లెక్కలు చేసేద్దామనుకుంటారు. జవాబు రాకపోతే, జవాబే లేదని రాసేత్తారు. అందులో నా కూతురు కూడా ఉంది. నేర్పించినోళ్ళని అనాల." హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సుజి తల వంచుకుంది.

షైనీ లేచి నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు.

"అమ్మా, ఆ జవాబు రెండో దాన్లో పెట్టి చూడు."

"ఏటి?"

"రెండో రోజు దాన్లో పెట్టు. నాలుగు బళ్ళు, ఆరు ట్రాక్టర్లు. ఒక్కసారి పెట్టి చూడమ్మా."

మేరీ టీచరు నవ్వి, సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది. నాలుగు నలభై ఎనిమిదులు నూట తొంభై రెండు. ఆరు నూట ముప్ఫై అయిదులు ఎనిమిది వందల పది. కలిపితే వెయ్యి రెండు. ప్రశ్నలో ఉన్నది ఎనిమిది వందల అరవై ఏడు. మళ్ళీ కలిపింది. మళ్ళీ వెయ్యి రెండే. బోర్డంతా తుడిచేసి, ఇన్నేళ్ళుగా చేయించిన పద్ధతిలో మొదట్నించి మొదలుపెట్టింది. మొదటి సమీకరణాన్ని రెండుతో హెచ్చవేసింది. నాలుగు ఎక్స్, ఆరు వై, వెయ్యి రెండు. దాని కింద రెండోది రాసింది. నాలుగు ఎక్స్, ఆరు వై, ఎనిమిది వందల అరవై ఏడు. తీసేసింది. ఎక్స్ పోయింది. దాంతోపాటు వై కూడా పోయింది. ఎడమ పక్క మిగిలింది ఒట్టి సున్నా, కుడి పక్కన నూట ముప్ఫై అయిదు.

సున్నా నూట ముప్ఫై అయిదుకి సమానమట!

ఆ నూట ముప్ఫై అయిదుని ఆవిడ గుర్తు పట్టింది. అది ఒక ట్రాక్టరు. తను కోపంలో పెంచేసి, మోపులు ఎక్కించడం మరిచిపోయిన ఆరో ట్రాక్టరు. ఎక్కడ ఏం చేసిందో, ఆ సమయంలో పైనుంచి ఏం వినపడిందో, అంతా ఒక్కసారి కళ్ళ ముందు కనపడింది. తల తీసేసినట్టయింది.

మరి పిల్లలకి సరిగ్గా తను అనుకున్న జవాబే ఎలా వచ్చింది? ఆవిడ వెనక్కి తిరిగి, "అయ్యప్పా, నీకు వై ఎలా వచ్చిందిరా?" అని అడిగింది.

అయ్యప్ప బహుమతిగా వచ్చిన స్టీలు క్యారేజీని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. "రాలేదండి టీచర్. నాకూ సున్నాయే వచ్చేసింది. జవాబు రాకపోతే తప్పు నీ బుర్రలో ఉన్నట్టని మీరు సెప్పేరు కదండీ. అందుకని సున్నా సెరిపేసి, వై ఎట్టేసేనండి."

మిగతా ప్రయివేటు పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అందరూ అదే చేశారు. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అప్పుడు సుజి లేచింది. "ఫాదర్, అక్క కావాలనే ఇలాంటి లెక్క ఇచ్చారండి," అంది అందరికీ వినపడేలా. "జవాబు లేని లెక్క ఇస్తే పిల్లలు ఏం చేస్తారో చూద్దామని. కదక్కా?"

ఫాదర్‌గారు తేలిగ్గా ఊపిరి తీసుకుని నవ్వారు. ఒక్క "అవును" అంటే చాలు, పరువు దక్కుతుంది. మేరీ టీచరు సుజి వైపు చూసింది. అప్పుడు కూడా కడుపు మండింది. అవమానం చేసిన తనని ఆ పిల్ల కాపాడుతోంది. మంచితనంలో కూడా నాకన్నా ఒక మెట్టు పైనే ఉండాలా నువ్వు అనిపించింది. ఆ "అవును" నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ షైనీ తననే చూస్తోంది. కావాలనే ఇచ్చిన లెక్కయితే జవాబు లేదన్న కాగితాన్ని మైకులో తప్పుపట్టరని ఆ పిల్లకి తెలుసు. ఇప్పుడు అవునంటే, ఇక ఈ జన్మలో ఆ పిల్ల తన మాట నమ్మదు.

"లేదు సుజీ," అంది మేరీ టీచరు మైకు లేకుండానే. "కావాలని చెయ్యలేదు. ఐదు ట్రాక్టర్లని ఆరు చేసేను, మొత్తం మార్చలేదు. తప్పు నాదే. షైనీ కాగితం ఒక్కటే రైటు." ఆ మాట అనేసి, ఎవరి ముఖమూ చూడకుండా హాల్లోంచి నడిచి ఇంటికొచ్చేసింది.

మర్నాడు ప్రయివేటు లేదని పిల్లల్ని పంపించేసింది. ఒక్కర్తే ఖాళీ చాప మీద కూర్చుంది. స్కూలు నుంచి వచ్చిన షైనీ సంచి లోపల పడేసి, అలవాటు ప్రకారం మెట్ల వైపు నడిచి, తల్లిని చూసి ఆగింది. నిన్నట్నించి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

"వెళ్తే వెళ్ళు," అంది మేరీ టీచరు. "ఒక్కటి చెప్పేసి వెళ్ళు. మీ పిన్ని బీఈడీ అని వెళ్ళేవా? నవ్వుతాదని వెళ్ళేవా? నాకంటే బాగా చెప్తాదని వెళ్ళేవా? నాకు తెలియాలి షైనీ. కుళ్ళిపోతన్నాను."

షైనీ వచ్చి స్తంభం పట్టుకుంది. "నువ్వే బాగా చెప్తావమ్మా," అంది.

"మరి?"

"నీ దగ్గర తప్పు చెయ్యాలంటే బయం. సగం రాసేలోపే సుద్దముక్క లాగేత్తావు. పిన్ని లాక్కోదు. నేను తప్పు గీసినా, అయ్యేదాకా చూత్తాది."

అంతే. బీఈడీ కాదు, ఇస్త్రీ చీర కాదు, గీతలూ కాదు. ఇన్ని నెలలుగా ఎవరి మీద మండిపడిందో ఆ మనిషికి ఇందులో ప్రమేయమే లేదు. మేరీ టీచరుకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, చాప మీద కాస్త పక్కకి జరిగింది.

"నీ గళ్ళ కాగితం ఉందా?"

"ఉంది."

"తే. అవెందుకు కలవవో నాకు చెప్పు. గెంటడమే గానీ, గియ్యడం నాకు రాదు."

షైనీ అనుమానంగానే వచ్చి కూర్చుంది. స్కేలూ పెన్సిలూ తల్లి చేతికిచ్చింది. ఎక్స్ సున్నా అయితే వై ఎంతో, వై సున్నా అయితే ఎక్స్ ఎంతో కనుక్కోమంది, రెండు చుక్కలు పెట్టి కలపమంది. మేరీ టీచరు చుక్కలు లెక్కపెట్టుకుంటూ పెట్టింది, స్కేలు జరిగిపోయి గీత వంకర పోయింది. వెంటనే రబ్బరు కోసం చెయ్యి చాచింది. షైనీ రబ్బరు తన ఒళ్ళోకి తీసేసుకుంది.

"ఉండనీమ్మా. దాని పక్కనే ఇంకోటి గియ్."

ఆ మాట ఎవరిదో మేరీ టీచరుకి తెలుసు. తెలిసినా నోరు మూసుకుని ఇంకోటి గీసింది. ఇది తిన్నగా వచ్చింది. షైనీ నవ్వింది. పైన నవ్వినంత పెద్ద నవ్వేం కాదు, చిన్నదే. వరండాలో నవ్వింది, అది చాలు.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. సుజి సగం మెట్లు దిగి, ఇద్దర్నీ అలా చూసి ఆగిపోయింది. ముఖం వికసించింది. "అక్కా, గ్రాఫులా? నేనూ వచ్చి కూర్చోనా?"

చాప మీద ఇంకా ముగ్గురికి చోటుంది. మేరీ టీచరు కాళ్ళు బార్లా చాపుకుంది.

"రేపు కూర్చుందువుగానిలే సుజీ. ఇవాళ నా కూతురు నాకు చెప్తంది."